బస్తీ బ్రతుకు – పిల్లల నడవడి

హైదరాబాదు నగరమున జూబిలీహిల్స్ నుండి ఫిలింనగర్ వైపు నడచి పోవువారికి ఒక దృశ్యము కనబడును. రోడ్డున కొక ప్రక్కన ఎత్తైన ప్రహరీ గోడలు, వాని వెనుక తోటలు, తోటల నడుమ మేడలు. రెండవ ప్రక్కన, ఒక్కొక్కచోట ఆ గోడల కానుకొనియే, రాతి గుండ్ల మధ్య ఒకదానిపై నొకటి యెక్కినట్లుండు చిన్న యిండ్లు, ఇరుకు మెట్ల దారులు, గడపల ముందు నీళ్ళ డ్రమ్ములు. మేడలలో వంటచేయు స్త్రీలును, కాపలా యుండు పురుషులును, స్టూడియోలలో దీపములు మోయువారును, సెట్లకు మేకులు కొట్టువారును సాయంకాలమునకు చేరుకొను తావులు ఇవియే. వారి పిల్లలు పుట్టి పెరుగునది ఇచ్చటనే. ఈ ప్రసంగమునకు విషయము ఆ పిల్లలు.

“బస్తీ పిల్లలు మొండివారు, నోటి దురుసువారు, మాట వినరు” అను మాటను మనలో వినని వారుండరు. పలుకని వారును కొద్దిమందియే. ఆ మాటలో నిజమెంత? నిజమున్నంత మేరకు దానికి కారణము పిల్లవాని రక్తమున నున్నదా, తల్లిదండ్రుల పెంపకమున నున్నదా, లేక వాడు పెరుగుచున్న చోటున నున్నదా? ఈ ప్రశ్నకు నూరేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రలో హైదరాబాదునకును చిన్నది కాని పాత్ర యున్నది.

ముందు ఈ కొండ సంగతి. 1960 ప్రాంతమున ఇది ఊరు కాదు. బంజారాహిల్స్‌కు పడమర రాళ్ళు, పొదలు, అక్కడక్కడ కాలిబాటలు. చల్లగళ్ళ నరసింహారావుగారి పూనికతో సహకార గృహనిర్మాణ సంఘ మేర్పడి, ఈ రాతినేల స్థలములుగా విభజింపబడి, క్రమముగా జూబిలీహిల్స్ అయినది. తెలుగు చిత్రములు అప్పటికింకను ఎక్కువగా మద్రాసులోనే తయారగుచుండెను. హైదరాబాదులో అమీర్‌పేటయందలి సారథీ స్టూడియో 1956 నాటిది. అక్కినేని నాగేశ్వరరావుగారు స్థాపించిన అన్నపూర్ణా స్టూడియోను 1976 జనవరిలో నాటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు ప్రారంభించిరి. తరువాత పద్మాలయా స్టూడియో, 1989లో రామానాయుడు స్టూడియో వచ్చెను. పరిశ్రమ మద్రాసును విడచి ఈ కొండకు వచ్చి స్థిరపడినది.

గుండు పగులగొట్టనిదే ఈ నేలపై గోడ లేవదు. పగులగొట్టిన చేతులు పాలమూరు మొదలగు జిల్లాలనుండి కరవునకు వలస వచ్చినవి. మేడ పూర్తియైన పిమ్మట కూలీ వెళ్ళిపోవునని ప్లాను గీసినవారు తలచియుందురు, కూలీ వెళ్ళలేదు. ఊరికి పోయినచో అచ్చట పని లేదు. ఇచ్చట పని యున్నది, గుండ్ల నడుమ ఎవరికిని పట్టని కొంత చోటున్నది. గుడిసె వేసికొనెను. అట్లు వెలసినవి ఫిలింనగర్ బస్తీలు. పదునెనిమిది బస్తీలని వాడుక. వాని పేర్లు చూడదగినవి: జ్ఞానీ జైల్‌సింగ్ నగర్, దీన్‌దయాళ్ నగర్, మహాత్మాగాంధీ నగర్, వినాయకనగర్. పట్టా లేనివాడు తన గుడిసెల వాడకు రాష్ట్రపతి పేరో, మహాత్ముని పేరో, విఘ్నేశ్వరుని పేరో పెట్టుకొనుటలో ముందుచూపు లేకపోలేదు. పడగొట్ట వచ్చిన అధికారి ఆ పేరు చూచియైనను ఒక్క నిమిషము ఆగునని యాశ కావచ్చును.

ఈ యాశనుబట్టియే ఆ యింటిలోని దిగులు తెలియుచున్నది. ఇల్లు ఎప్పుడు పోవునో అను దిగులు, నీళ్ళ దిగులు, అప్పువాని దిగులు, రేపు పని దొరకునా అను దిగులు. పెద్దల దిగులు పెద్దలయొద్దనే యుండిపోయినచో ఈ ప్రసంగముతో పనిలేదు.

ఒక యింటిని తలచుకొందము. ఒకటే గది, అందు ఆరుగురు. నీళ్ళు వచ్చు వేళ తెల్లవారుజామున. తల్లి లేచును, అలికిడికి పిల్లలును లేతురు. ఆరు గంటలకు తల్లి మేడలో పనికి పోవును. తండ్రి షూటింగు పనివాడైనచో కాల్షీటు ఎప్పుడు మొదలగునో, ఎప్పుడు ముగియునో ఆతనికే తెలియదు. తొమ్మిదేండ్ల పిల్ల తమ్ముని ముఖము కడిగి, అన్నము పెట్టి, బడికి తోడ్కొని పోవలెను. నిద్ర చాలని తమ్ముడు రెండవ గంట పాఠములో తూగును, ఉపాధ్యాయుడు కసరును, విరామవేళ వాడు పక్కవానిని గిల్లును. సాయంకాలము బడి విడచిన తరువాత తల్లి వచ్చువరకు మూడు నాలుగు గంటలు వాని నడుగువారు లేరు. ఆ రాత్రి ప్రక్కయింట త్రాగివచ్చినవాని కేకలు గోడకు అడ్డుపడవు. గోడ యన్నది రేకు మాత్రమే. మరునాడు వాని రిజిస్టరులో “అల్లరి బాలుడు” అని వ్రాయబడును. వ్రాసిన ఉపాధ్యాయుడు అబద్ధము వ్రాయలేదు. అయితే, అల్లరికి వెనుకనున్న పదునెనిమిది గంటలు ఆ రిజిస్టరులో పట్టవు.

“మొక్కై వంగనిది మానై వంగునా” అని మన పెద్దలు. ఈ సామెతను పిల్లలను దండించుటకు వాడినంతగా నేలను చూచుటకు మనము వాడలేదని నా యభిప్రాయము. చట్టము సైతము చాలకాలము మొక్కనే చూచినది. మన దేశమున పిల్లల కొరకై వచ్చిన చట్టములలో మొదటి వరుసలోనిది 1920 నాటి మద్రాసు బాలల చట్టము; నాటి తెలుగు జిల్లాలలో అధికభాగము దాని పరిధిలోనివే. పెద్ద నేరస్థులతో పిల్లలను ఒకే జైలులో నుంచరాదని అది పలికినది. అది గొప్ప మేలు. కాని పిల్లవాడు ఏ వీధినుండి వచ్చెనో, ఆ వీధిని ఏమి చేయవలెనో అది యడుగలేదు.

వీధిని అడిగినవారు అమెరికాలోని చికాగో నగరమున నుండిరి. క్లిఫర్డ్ షా, హెన్రీ మెక్‌కే అను ఇద్దరు పరిశోధకులు కోర్టునకు వచ్చిన బాలుర యిండ్లను నగరపటముపై చుక్కలుగా గుర్తించిరి. 1942లో వారు ప్రకటించిన గ్రంథము ఒక విచిత్రమును బయటపెట్టినది. కర్మాగారముల ప్రక్కనున్న కొన్ని బీదపేటలలో చుక్కలు ఎల్లప్పుడును దట్టముగా నున్నవి. ఆ పేటలలో ఒకప్పుడు జర్మనులు, ఐరిషువారు నివసించిరి. వారు బాగుపడి వెడలిపోగా పోలండువారు, ఇటలీవారు వచ్చిరి. జాతులు మారినవి, భాషలు మారినవి, చుక్కలు మారలేదు. వెడలిపోయినవారి పిల్లలు క్రొత్త పేటలలో తక్కిన పిల్లలవంటివారే యైరి. “ఫలానా కులమువారి పిల్లలు పుట్టుకతోనే యింతే” అను మాట మన వాడలలో నేటికిని వినవచ్చుచున్నది. దానికి ఎనుబదియేండ్లకు పూర్వమే యీ పటము సమాధానము చెప్పినది.

దిగులు పిల్లవాని మెదడునకు ఎట్లు చేరును? శాస్త్రజ్ఞులు చెప్పునది సులభముగానే యున్నది. ప్రమాదము ఎదురైనపుడు శరీరము కొన్ని రసములను విడుచును; గుండె వేగమగును, కండరములు బిగియును, మనస్సు ఒక్క ప్రమాదముపైననే నిలుచును. పాము కనబడినపుడు ఇది ప్రాణము కాపాడును. కాని ప్రతిదినము, ప్రతిరాత్రి, చిన్నచిన్న కారణములకు ఇదే జరుగుచుండినచో శరీరమునకు అది అలవాటై, ప్రమాదము లేనిచోట సైతము కాచుకొని యుండును. అట్టి బిడ్డ భుజముపై ఎవడైన చేయి వేసినచో స్నేహమని తలచుటకు ముందే చేయెత్తును. పాఠముపై మనస్సు నిలుపుట, కోపము నాపుకొనుట, తన వంతు వచ్చువరకు వేచియుండుట – ఈ పనులు చేయు మెదడు భాగము నెమ్మదిగా పెరుగునది. నిరంతరమైన ఒత్తిడికి అదియే మొదట లోబడును.

ఇందు అన్నిటికంటె నా మనస్సునకు పట్టిన దృష్టాంతము చాల చిన్నది. న్యూయార్కులో ఒక బడి ప్రక్కగా ఎత్తుకట్టమీద రైలు పోవుచుండెను. రైలువైపు గదులలో చదువు పిల్లలకును, రెండవవైపు గదులలోని పిల్లలకును పఠనశక్తిని 1975లో పోల్చి చూచిరి. ధ్వనివైపు పిల్లలు వెనుకబడియుండిరి. ఆరవ తరగతికి వచ్చునప్పటికి ఆ వెనుకబాటు ఒక సంవత్సరము వరకుండెను. తరువాత పట్టాల క్రింద రబ్బరు దిండ్లు వేసి, గదుల కప్పులకు ధ్వనిని మ్రింగు పలకలు బిగించిరి. భేదము పోయినది! పిల్లలకు నీతిపాఠము చెప్పినవారు లేరు, తల్లిదండ్రులను మందలించినవారు లేరు. ఎవరి గృహమున రేడియో ఎంత గట్టిగా మ్రోగుచున్నదో ఆలోచించుకొనుటకును ఇది పనికివచ్చును.

ఇక డబ్బు సంగతి. ఆదాయము పడిపోయినపుడు పిల్లల నడవడి మారునా యను ప్రశ్నను గ్లెన్ ఎల్డర్ అను ఆచార్యుడు 1974లో ప్రకటించిన గ్రంథమున విచారించెను. 1930 తరువాతి ఆర్థికమాంద్యములో పెరిగిన కాలిఫోర్నియా పిల్లల చరిత్ర అది. కరవు తిన్నగా పిల్లవాని మీదికి రాలేదనియు, తల్లిదండ్రుల ముఖములద్వారా వచ్చినదనియు ఆయన కనుగొనెను. పని పోయిన తండ్రి ఇంట కూర్చుండి చీటికిమాటికి కసరుట, తల్లి తండ్రి పోట్లాడుకొనుట, నిన్న నవ్వి ఊరకున్న తప్పునకు నేడు కొట్టుట – పిల్లవాని కుదురు పోవుట కిదియే త్రోవ.

మన ఫిలింనగర్‌లో ఈ ప్రయోగము ఎవరును కోరకుండనే జరిగినది. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున షూటింగులు నిలిచిపోయెను. దినకూలికి పనిచేయు లైట్‌మన్‌లు, వంటవారు, జూనియర్ నటులు ఒక్కనాటితో ఆదాయము కోల్పోయిరి. మేడలవారు పనిమనుషులను రావలదనిరి. చిరంజీవిగారి ఆధ్వర్యమున సినీ పరిశ్రమవారు ఒక సహాయనిధి నేర్పరచి కార్మికులకు బియ్యము, పప్పు మొదలగు సరుకులు పంచిరి. ఆకలి కొంత తీరినది. కాని బడులు సైతము మూతపడినవి. చిన్నతరగతులు తిరిగి తెరచుట 2021 సెప్టెంబరులో. ఏడాదిన్నర ఆ ఒక్క గదిలోనే అందరును. మరల 2025 ఆగస్టులో వేతనముల వివాదమున కార్మికులు సమ్మె చేయగా రెండు వారములకు పైగా షూటింగులు ఆగినవి. ఎవరిది న్యాయమనునది వేరు సంగతి. కాల్షీటు లేని దినమున ఇంట నున్న పిల్లవానికి కలుగు నష్టము ఏ వేతనపు లెక్కలోను చేరదని మాత్రము చెప్పవచ్చును.

ఆదాయము పెరిగినచో? దీనికిని ఒక ప్రయోగము దొరకినది. అమెరికాలోని ఉత్తర కెరొలినా కొండలలో 1993 నుండి 1,420 మంది పిల్లలను పరిశోధకులు యేటేట పరీక్షించుచుండిరి. వారిలో నాలుగవవంతు ఆదివాసి పిల్లలు. 1996లో చెరొకీ తెగవారి నేలపై ఒక జూదశాల తెరువబడి, దాని లాభములలో కొంత తెగలోని ప్రతివానికి ఆరునెలల కొకసారి పంచబడెను. జూదశాల మంచిదని నే ననుట లేదు. ఈ డబ్బు ఎవరి మంచితనమునకును బహుమానము కాదు, ఎవరి ప్రయత్నమునకును ఫలము కాదు. కనుక డబ్బు వలన నేమి కలుగునో నిష్కర్షగా చూచుట కవకాశము కలిగినది. 2003లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. పేదరికమునుండి బయటపడిన కుటుంబముల పిల్లలలో కొట్లాట, ఎదురుతిరుగుట మొదలగు లక్షణములు తగ్గి, ఎన్నడును పేదరికము నెరుగని పిల్లలతో సమానమైనవి. పేదలుగానే మిగిలిన కుటుంబముల పిల్లలలో తగ్గలేదు. కారణము వెదకగా తేలిన దేమి? తల్లిదండ్రులకు పిల్లలను కనిపెట్టి చూచుటకు తీరిక దొరకినది. ఇంతే! అయితే లోలోపల క్రుంగిపోవుట, భయపడుట అను లక్షణములు మాత్రము డబ్బుతో అంతగా మారలేదు. శాస్త్రము చెప్పిన ఈ రెండవ మాటను మరుగుపరచుట న్యాయము కాదు.

మరి బస్తీనుండి పిల్లలను తీసికొనిపోయి మంచిపేటలో పెట్టినచో సరిపోవునా? 1994 నుండి అమెరికాలో ఐదు నగరములలో సుమారు 4,600 కుటుంబములతో ఈ ప్రయత్నము జరిగినది. బాలికల మనస్సు కుదుటబడినది. యౌవనమున ప్రవేశించుచున్న బాలురు మాత్రము క్రొత్తచోట ఇమడలేక మరికొంత చెడిరి. పదుమూడేండ్లు రాకముందే కదలివచ్చినవారు పెద్దవారై, కదలని వారికంటె నూటికి 31 వంతులు అధికముగా సంపాదించిరని 2016లో తేలినది. నగరము అంచులలో అపార్టుమెంట్లు కట్టి బస్తీలను అచటికి తరలించువారు ఈ భేదమును గమనింపవలెను. ఐదేండ్ల పిల్లవానికి మేలైనది పదునైదేండ్ల వానికి స్నేహితులను, త్రోవలను, తెలిసిన ముఖములను పోగొట్టుటయే కావచ్చును.

తెలిసిన ముఖము లన్నచోట మరల చికాగోనే తలచవలసి వచ్చుచున్నది. 1997లో అచ్చటి 343 పేటలను పోల్చిచూచిన పరిశోధకులు, పేదరికము సమానముగా నున్న పేటలలోను హింస సమానముగా లేదని చూపిరి. పరాయి పిల్లవాడు బడి మాని వీధి మూల నిలుచుండినపుడు “ఏమిరా, బడికి పోలేదా?” అని యడుగు పెద్దవారున్న పేటలలో హింస తక్కువ. ఇది మనకు క్రొత్త కాదు. పల్లెలో ఏ అరుగుపై కూర్చున్న అవ్వయైనను ఏ పిల్లవాని నైనను గద్దించుచుండెడిది. వలస వచ్చినవాడు అవ్వను ఊరిలో విడచివచ్చెను. బస్తీలో ఇరుగుపొరుగువారు వేర్వేరు జిల్లాలవారు. ఒకరి పిల్లవానిని మరొకరు గద్దించినచో తగవు. ఆ చనువు మరల ఏర్పడుటకు కాలము పట్టును. ఇల్లు నిలుచునను నమ్మకమును కావలెను.

ఈ సంగతిని హైదరాబాదు చికాగోకంటె ముప్పదియేండ్లు ముందుగానే గ్రహించినదని చెప్పుటకు సందేహింపను. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సాముదాయికాభివృద్ధి పథకమును ప్రారంభించినది. దానిలో విశేషమేమనగా అధికారులు కట్టడములతో మొదలుపెట్టలేదు. బస్తీకి పోయి మీ కేమి కావలెనని యడిగిరి. చాలచోట్ల స్త్రీలు మొదట కోరినది పిల్లలకు బాల్వాడి. తల్లులు పనికి పోవునపుడు పసివారు ఒకచోట కూర్చుండి, ఆడి, పాడి, తిని, నిద్రించుటకు ఒక గది. తరువాత కుట్టుపని కేంద్రములు, మహిళామండలులు, యువజన సంఘములు. 1976 నుండి ఐక్యరాజ్యసమితి బాలనిధి తోడ్పడినది. 1983 నుండి బ్రిటిషు ప్రభుత్వ సహాయము వచ్చినది. ఇంటి స్థలమునకు పట్టా యిచ్చి, బ్యాంకు అప్పు నిప్పించి, బస్తీవారే ఇల్లు కట్టుకొను పద్ధతి దేశవిదేశముల వారికి చూడవలసిన వింతయైనది. సహాయము ముగిసిన పిమ్మట పథకము పలుచబడినది. నగరము మాత్రము పెరుగుచునే పోయినది. 2010 ప్రాంతపు లెక్కలలో మహానగరపాలక సంస్థ పరిధిలోని బస్తీలు 1,476. 2014 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వము 125 చదరపు గజముల వరకు గల ఆక్రమిత నివాసస్థలములను పేదలకు ఉచితముగా క్రమబద్ధము చేయు నుత్తరువు నిచ్చినది. దానిని భూమి వ్యవహారముగానే మనము చదివితిమి. పిల్లల వ్యవహారముగా చదివినవారు తక్కువ.

తెలుగునాట పిల్లలను గూర్చిన దీర్ఘపరిశోధన సైతము జరిగినది. 2002లో నాలుగు దేశములలో మొదలైన పరిశీలనలో నాటి ఆంధ్రప్రదేశమునుండి సుమారు 3,000 మంది పిల్లలున్నారు. హైదరాబాదు అందొక జిల్లా. బడి యేల యిష్టము లేదని యడిగినపుడు పిల్లలు చెప్పిన కారణములలో ముందు నిలిచినది కొట్టుట, తిట్టుట. ఇంట బిగుసుకొని వచ్చిన పిల్లవానిని బడి మరల బిగించుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము బెత్తమును నిషేధించినది గాని బెత్తము పూర్తిగా అటక ఎక్కలేదు.

ఇంతవరకు విన్నవారు బస్తీ పిల్లలందరును చెడినవారని తలచినచో నా ప్రసంగము వ్యర్థమే. వారిలో అధికులు తమ్ముని ఎత్తుకొని, నీళ్ళు మోసి, బడికి పోయి, పరీక్ష వ్రాసి బ్రతుకుచున్నారు. ఎదురు దెబ్బలు తినియు నిలిచినవారి జీవితములలో, ఎక్కువసారులు, విడువక అంటిపెట్టుకొన్న ఒక పెద్ద మనిషి కనబడును: అమ్మమ్మయో, పెద్దక్కయో, ఒక పంతులమ్మయో. రెండవ సంగతి: అల్లరి మేడలలోను కలదు. అయితే అచ్చట ప్రహరీగోడ యున్నది. మేడలోని పిల్లవాడు అద్దము పగులగొట్టినచో అది ఇంటి సంగతి. బస్తీ పిల్లవాడు పగులగొట్టినచో పోలీసు సంగతి. 1986, 2000, 2015 సంవత్సరములలో బాలన్యాయ చట్టములు మారుచు వచ్చినవి. ఈ భేదమును మాత్రము ఏ చట్టమును తుడువలేకపోయినది.

తెలుగు రేడియోలో పిల్లలకు చోటు కల్పించినవారు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు. మద్రాసులో ఆంధ్ర బాలానంద సంఘమును నెలకొల్పి, పిదప హైదరాబాదు వచ్చి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అను పేర్లతో వేలకొలది పిల్లలచేత పాడించిరి, ఆడించిరి. బాలానందము వినుటకు నాడు ఇంట రేడియో ఉండవలెను. రేడియో గల యింటి కిటికీ క్రింద నిలిచి వినిన పిల్లలును కలరు.

ఫిలింనగర్‌లో బడి విడుచు వేళకును, తల్లి మేడపని ముగించి వచ్చు వేళకును మధ్య నేటికిని మూడు గంటల యెడమున్నది. అంగన్‌వాడి ఆరేండ్లు దాటని పిల్లలకు; అదియు ఆ వేళకు మూసివేయబడును. కొన్ని బస్తీలలో ఆ మూడు గంటలు ఒక సామాజిక భవనము తలుపు తెరచి, చాప పరచి, దీపము వెలిగించినచో చాలును. ఆ భవనములు చాలచోట్ల కట్టబడియే యున్నవి. తాళము ఎవరియొద్ద నున్నదో అడుగవలెను.